ఊలుబంతి

నేను డాక్టర్ని కాను.
కాస్ట్రో ఆసుపత్రి చివరి గదిలో
పిల్లల తలలకు తీగలు అంటించి
మెదడు గీసే గీతల్ని కాగితం మీదికి దించుతాను.
చిలోయె దీవిలో వానకి సెలవుండదు,
వచ్చే తలలన్నీ తడిగానే వస్తాయి.
ముందు తుడవాలి. అదీ నా ఉద్యోగమే.

మిల్యారాయ్‌కి పదకొండేళ్లు.
ఫైలు మీద మూడేళ్లుగా ఒకే మాట: మూర్ఛ.
ఆ ఒక్క మాటకి భయపడి పడవెక్కనివ్వలేదు,
నీళ్లలో గుంజల మీద నిలబెట్టిన వాళ్లింటి
వెనక వసారాలోకి ఒంటరిగా పోనివ్వలేదు.
బడిలో పరుగుపందెం విజిల్ ఊదగానే
చెయ్యి మెలిపడి, నోరు ఒకవైపుకి లాగి
గీత దగ్గరే ఆగిపోయిందని
ఒక టీచరు జబ్బంది, ఇంకొకావిడ నటనంది.

రెండుసార్లు గీతలు తీశాను.
కదలకమ్మా, అన్నాను. కదల్లేదు.
పోటు తీసిన సముద్రంలా
సాఫీగా వచ్చాయి.
కదిలితేనే వచ్చేదాన్ని
కదలకుండా పడుకోబెట్టి వెతుకుతున్నానని
అప్పుడు నాకు తట్టలేదు.

మూడోసారి, రేవులో పెద్ద పడవ కూత వేసింది.
వాళ్లమ్మ వచ్చే పడవ.
తీగలన్నీ తలమీదుండగానే దిగ్గున లేచింది.
ముందు ఎడమ పాదం, ఆపైన చెయ్యి,
తడిగుడ్డని ఎవరో పిండుతున్నట్టు.
అలవాటు కొద్దీ ఒక మాట చెప్పాను:
"ఊలుబంతి. గుర్తుపెట్టుకో."
అలవాటు కొద్దీ లెక్కపెట్టాను.
పదిహేడు.
కండరాల గీతలు ముళ్లకంపలా లేచాయి నిజమే,
ఆ కంప సందుల్లోంచి చూస్తే
మెదడు తన మానాన తాను నడుస్తోంది,
ఇంట్లో ఎంత గొడవైనా
పీట మీంచి లేవని తాతలా.

చెయ్యి విడిపోయింది.
"ఊలుబంతి," అంది, నేనడక్కముందే.
"మీ చెప్పు ఊడింది. కూత రెండుసార్లు వేసింది.
నాకు అన్నీ వినపడతాయి, ఎప్పుడూ.
ఎవరూ అడగలేదు."

డాక్టర్ కార్కమో కుర్చీ వేయించాడు.
కూర్చో, లే. నెమ్మదిగా లేచింది, ఏమీ కాలేదు.
బూటులోపల వేళ్లు ఆడించుకుని లేస్తానంది,
పాదంలో చీమలు పాకినట్టుంటే ఆగుతానంది.
మేం ఫైలు చదువుతున్న మూడేళ్లూ
తను తన ఒంటిని చదువుకుంది.

మందు అదే, మూర్ఛకిచ్చేదే. మోతాదు మాత్రం చిటికెడు.
"అదే మందైతే ఏం మారినట్టు?" అంది ఒర్తెన్సియా,
ఆల్చిప్పలు ఒలిచి పగిలిన చేతులు ఒళ్లో పెట్టుకుని.
డాక్టరు కాసేపు కిటికీలోంచి చూశాడు.
"పడవ," అన్నాడు.

ఇక్కడితో ఆపేద్దామనే ఉంది.
కానీ అదే మధ్యాహ్నం బల్తసార్ వచ్చాడు, ఆరేళ్లవాడు.
వాడికి విజిలక్కర్లేదు, లేవక్కర్లేదు,
నిద్రలో వస్తుంది, సూపు తాగుతుంటే వస్తుంది,
ఏ కారణమూ చెప్పకుండా వస్తుంది.
గుమ్మంలోంచి చూస్తే అదే మెలిక, అదే చెయ్యి.
ఊలుబంతి, అన్నాను.
గీతలన్నీ ఒక్కపెట్టున కట్ట తెంచుకున్నాయి.
రెండు నిమిషాలు. ఆపైన గురక. ఆపైన నిద్ర.
లేచాక అడిగితే
నా మొహంలోకి చూశాడు,
ఆ గదిలో ఇంతవరకూ
ఎవరూ ఏమీ మాట్లాడనట్టు.

జుట్టుకంటిన జిగురు వేడినీళ్లతో కడుగుతూ
మళ్లీ చెప్పాను, మెల్లగా,
ఊలుబంతి. ఊలుబంతిరా నాన్నా.
ఈసారి పరీక్షకి కాదు.